కోచ్ లాక్కున్న మాప్ కర్ర

ఫుజైరా,
20 నవంబరు 2022

మావా,

క్షేమంగా ఉన్నానని మొదలుపెట్టడం మర్యాద. ఈసారి ఆ మర్యాద నావల్ల కాదు, ఒళ్ళు మండిపోతోంది. ఫోనులో చెబుదామంటే నేను గొంతు పెంచగానే "సిగ్నల్ లేదే" అని కట్ చేస్తావు. ఉత్తరాన్ని కట్ చేయలేవు కదా, అందుకే రాస్తున్నాను. మీ కంపెనీ బస్సు నడిపే అల్లాబకాష్ వారానికోసారి ఇక్కడి ఆయిల్ ట్యాంకుల దగ్గర మనుషులను దింపి మళ్ళీ రువైస్‌లో మీ క్యాంపుకు వస్తాడు కాబట్టి అతని చేతికే ఇస్తున్నాను. చివరిదాకా చదువు.

మా మ్యాచ్‌లో ఎవరో తీసిన ఆ వీడియో చూసి నాకు నవ్వే బొమ్మలు పంపావు. ఊరి నుంచి సుబ్బాయమ్మ వదిన కూడా పంపింది, ఆమెకు ఆట తెలియదు, పోనీలే అనుకున్నాను. నీకేం వచ్చింది? "ఏం జరిగిందే సత్యా" అని ఒక్కమాట అడిగావా?

హ్యాండ్‌బాల్ హాలులో నా పని ఏమిటో నీకు ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. ఆట జరిగేటప్పుడు గీత పక్కన కుర్చీ వేసుకుని మాప్ పట్టుకుని కూర్చోవాలి. పరుగెత్తే ఆటగాడు కింద పడితే అక్కడ చెమట మరక అవుతుంది. ఇంకొకడు దాని మీద కాలు వేశాడంటే మోకాలు పోయినట్టే. రిఫరీ గడియారం ఆపించి నా వైపు చెయ్యి ఊపుతాడు. నేను పరుగున వెళ్ళి తుడిచి, పరుగున గీత దాటి వచ్చేయాలి. ఈ పని నాకంటే చురుగ్గా చేసేవాళ్ళు ఈ దేశంలో లేరని రిఫరీలే అన్నారు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట.

ఈ ఏడాది మా క్లబ్బుకు రుమేనియా దేశం నుంచి కొత్త కోచ్ వచ్చాడు. పేరు ద్రగోమిర్. తెల్ల గడ్డం, గుమ్మంలో నిలబడితే వెలుతురు రాదు. వాళ్ళ దేశంలో పెద్ద క్లబ్బుకు ఆడి జాతీయ లీగు గెలిచాడట, తర్వాత అక్కడే రెండు మూడు క్లబ్బులకు ఆట నేర్పాడట. అటు తర్వాత కువైట్, బహ్రెయిన్, సౌదీ అన్నీ తిరిగి ఇక్కడ తేలాడు. మా ముదీర్, అదే మా క్లబ్బు మేనేజరు, "యూరప్ మనిషి, యూరప్ మనిషి" అని నెత్తిన పెట్టుకున్నాడు. ఆ యూరప్ మనిషి చేసిన పని చూశావుగా!

శుక్రవారం మ్యాచ్‌లో మనవాళ్ళు ఆయాసపడుతున్నారు. అవతలి జట్టు గోల్ మీద గోల్ వేస్తోంది. మనవాడొకడు పడ్డాడు. రిఫరీ చెయ్యి ఊపాడు, నేను వెళ్ళి తుడిచాను, వెనక్కి తిరిగాను. ఇంతలో ఆ మహానుభావుడు గీత దాటి వచ్చి నా చేతిలో మాప్ లాక్కున్నాడు! లాక్కుని, నేను అద్దంలా తుడిచిన చోటే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. అటు ఇటు, అటు ఇటు, ముగ్గు పెడుతున్నట్టు. హాలంతా ఒకటే నవ్వు. ఉత్త చేతులతో నేను నడిమధ్యన నిలబడ్డాను మావా. కోచ్ కోర్టులోకి వచ్చినందుకు రిఫరీ రెండు నిమిషాల శిక్ష వేశాడు. మనవాడొకణ్ణి బయట కూర్చోబెట్టాల్సి వచ్చింది. మ్యాచ్ పోయింది.

మర్నాడు ముదీర్ పిలిచి, "ఆ వీడియోతో క్లబ్బు పరువు పోయింది. నువ్వు ఇక కోర్టు దగ్గరకి రావద్దు, బాత్‌రూములు చూసుకో. ఖలాస్" అన్నాడు. తప్పు చేసినవాడికి కాఫీ, నాకు ఫినాయిల్! బాత్‌రూములు కడగడం నాకు చిన్నతనం కాదు, కడిగాను, ఇంకా కడుగుతాను. కానీ తప్పు లేకుండా ఈ కుర్చీలోంచి లేవమంటే ఎలా లేస్తాను? ఆ కోచ్‌ని నిలదీసి అడుగుతాను. అడిగేదాకా నాకు అన్నం సహించదు.

నువ్వు మాత్రం నవ్వుకో.

మండిపోతున్న
సత్య

*

ఫుజైరా,
18 డిసెంబరు 2022

జోగయ్యగారికి,

మావా అని పిలవబుద్ధి కావడం లేదు. ఎందుకో చివర చెబుతాను. ముందు కోచ్ సంగతి.

ప్రాక్టీసు అయ్యాక ఒంటరిగా బంతులు సంచిలో వేసుకుంటుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "కోచ్, నా పనిలో తప్పేంటో చెప్పు" అని హిందీలో అడిగాను. ఇన్నేళ్ళు గల్ఫులో ఉన్నాడు కాబట్టి మన క్యాంపుల హిందీ, అరబ్బీ కలిపి వచ్చీరానట్టు మాట్లాడతాడు. "తప్పేమీ లేదు. చాలా బాగా తుడుస్తావు. అదే నా ప్రాణం తీస్తోంది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అప్పుడు బంతుల సంచి మీద కూర్చుని చెప్పుకొచ్చాడు. కోచ్ ఆట ఆపించి పిల్లలకు ఊపిరి పీల్చుకునే వీలు ఇవ్వడం మ్యాచ్‌కి మూడుసార్లేనట. ఆరోజు మూడూ అయిపోయాయి. ఇక ఆట ఆగేది నేను తుడిచేటప్పుడే. "నువ్వు కాస్త ఆలస్యం చేస్తావని దేవుడికి దండం పెట్టుకున్నాను. నువ్వేమో తుపాకీ గుండులా వచ్చి వెళ్ళిపోయావు. నాకు పిచ్చెక్కింది" అన్నాడు.

పోయిన వారం ముదీర్‌తో మాట్లాడి నన్ను మళ్ళీ కోర్టు కుర్చీలో కూర్చోబెట్టింది కూడా ఇతనేనట. సంతోషించబోయాను. వెంటనే అసలు మాట బయటపెట్టాడు.

"మనం ఓడిపోయేటప్పుడు శ్వై శ్వై తుడువు. నెమ్మదిగా. అంతే."

అయ్ బాబోయ్, ఎంత మాట! "పనిదొంగలా నటించమంటావా?" అని మొదలుపెట్టాను. "అవతలి పిల్లలు ఊపు మీదుంటారు. నేను సాగదీస్తే వాళ్ళ ఊపు చల్లారిపోతుంది. వాళ్ళూ ఒక తల్లి కన్న పిల్లలే కదా! రిఫరీ నన్ను నమ్మి గడియారం ఆపిస్తాడు. ఆ నమ్మకాన్ని నీ గోలుకి వాడుకుంటావా?"

అతనికీ కోపం వచ్చింది. "చూడు సత్యా, జనవరి మ్యాచ్ ఓడితే నాకు టికెట్ చేతిలో పెడతారు. ఎన్ని దేశాల్లో పెట్టలేదు! ఓడిన మర్నాడే పిలుస్తారు, మా పిల్లలకి స్కూలు సెలవులిచ్చేదాకా కూడా ఆగరు. నేను పోతే ముదీర్ నిన్ను మళ్ళీ బాత్‌రూములకు పంపిస్తాడు. తెలుసుకో."

"బెదిరిస్తున్నావా?"

"కాదు. మనిద్దరం వీసా ఇచ్చిన ఒకే కఫీల్ చేతి కింద ఉన్నాం, అది చెబుతున్నా."

ఆ మాటకి నా కోపం కొంచెం తగ్గింది గానీ నా జవాబు తగ్గలేదు. "నిన్ను పంపిస్తే పంపించనీ, నన్ను కడగమంటే కడగమననీ. నేను మాత్రం నా తీరునే తుడుస్తాను" అన్నాను. గడ్డం గోక్కున్నాడు, ఇక అడగలేదు.

వచ్చేస్తూ ఒక్కటి అడిగాను. "అంత పెద్ద కోచ్‌వి, అందరి ముందు మాప్ పట్టుకోవడానికి సిగ్గనిపించలేదా?" అతను నా మొహంలోకి వింతగా చూశాడు. "సిగ్గెందుకు? చిన్నప్పుడు మా ఊళ్ళో ప్రాక్టీసుకు ముందు హాలు మేమే తుడిచేవాళ్ళం. ఆలస్యంగా వచ్చినవాడికి బకెట్ మోసే పని" అన్నాడు. లేచి సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక నీ సంగతి. మొన్న అల్లాబకాష్ నీకు పంపే పచ్చడి సీసా తీసుకోవడానికి వచ్చాడు. నేను కోర్టు తుడుస్తుంటే చూసి, పాపం, నోరు జారాడు. "అక్కా, నేను చెప్పినానని చెప్పొద్దు. మీ ఆయన క్యాంపులో నువ్వు క్లబ్బు ఆఫీసులో కంప్యూటరు ముందర కూసుంటావని చెప్పినాడు. ఆ వీడియో మెస్సులో అందరూ చూసి నవ్వుతాంటే ఆయప్పా నవ్వినాడు. ఎవరో తెల్దన్నాడు."

ఎవరో తెలియదా? తాళి కట్టేటప్పుడు తెలిసిందా? వీడియోలో నీ పెళ్ళాం ఉత్త చేతులతో నిలబడి ఉంటే, పక్కవాడు నవ్వాడని నువ్వూ నవ్వావా? ఆ నవ్వే బొమ్మలు నాకెందుకు పంపావో ఇప్పుడు అర్థమైంది. నలుగురి మధ్య కూర్చుని నవ్వింది చాలక ఆ నవ్వు నాకూ పంచావు. ఆ సాయంత్రం నేను గదిలో దుప్పటి కప్పుకుని ఏడ్చాను. కోచ్ లాక్కున్నప్పుడు కూడా ఏడవలేదు.

నేనెప్పుడైనా నీ పనిని దాచానా? నా గదిలో అందరికీ ఏమని చెప్పానో అడుగు. "మా ఆయన ఎత్తున పైపులు కట్టి నిలబెడతాడు, వాటి మీద కాలు పెట్టందే ఇంజినీర్లు పైకెక్కలేరు" అని చెప్పుకున్నాను. ఎండలో నీ వీపు ఎలా కాలిందో చెప్పుకుని బాధపడ్డాను. నిన్ను ఒక్కనాడైనా ఇంజినీరుని చేశానా? దేశాలు తిరిగిన రుమేనియా కోచ్ వందలమంది ముందు పట్టుకున్న కర్ర అది. ఆ కర్ర పట్టుకున్నందుకు నీ నోటికి నేను తెలియనిదాన్ని అయ్యాను.

ఫోను చెయ్యకు, ఎత్తను. ఎక్కడ నవ్వావో అక్కడే, ఆ మెస్సులోనే నిలబడి నేనెవరో చెప్పు. చెప్పేదాకా నాకు నువ్వూ ఎవరో తెలియదు.

ఏ ఆఫీసులోనూ లేని
సత్యకుమారి

*

ఫుజైరా,
22 జనవరి 2023

మావా,

ఎంత పని చేశావు! నా పరువు తీశావు! వచ్చేముందు ఒక్కమాట చెప్పి రావచ్చు కదా! ఆట అయ్యాక మాట్లాడుకుందామంటే అల్లాబకాష్ హారన్ కొట్టేశాడు, నువ్వు బస్సు మెట్టెక్కి చెయ్యి ఊపావు. తిట్టాల్సినవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఇప్పుడు విను.

ఆ మ్యాచ్‌తో కోచ్ బతుకు తేలిపోతుందని అందరికీ తెలుసు. ముదీర్ ముందు వరసలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు, అప్పుడే ఇంకో కోచ్‌ని వెతుకుతున్నట్టు. చివరికొచ్చేసరికి స్కోరు సమానం. మనవాళ్ళ కాళ్ళు లేవడం లేదు. కోచ్ మూడు ఆపులూ వాడేశాడు. సరిగ్గా అప్పుడు మన గోలు ముందు ఒకడు జర్రున జారి పడ్డాడు. రిఫరీ చెయ్యి ఊపాడు. లేస్తూ కోచ్ వైపు చూశాను. అతను చేతులు వెనక కట్టుకుని నేల వైపు చూస్తున్నాడు. అడగనందుకు జాలేసింది, అయినా నా తీరు నాదేనని పరుగెత్తాను. మాప్ నేల మీద పెట్టాను. ఒక్క గీత గీశానో లేదో, పై గ్యాలరీలోంచి ఆ గొంతు!

"అదిగోరా, చూడండ్రా! ఆ తుడిసే ఆవిడ మా ఆవిడేరా! మా సత్య!"

తలెత్తాను. నువ్వు బెంచీ ఎక్కి నిలబడ్డావు. పక్కన మీ మెస్సువాళ్ళు, ఆ రోజు నవ్వినవాళ్ళే, చప్పట్లు కొడుతున్నారు. మావా, నా చెయ్యి ఆగిపోయింది. నేల కనబడలేదు. తుడిచిన చోటే కన్నీళ్ళు టపటపా రాలుతున్నాయి. అవి తుడిస్తే ఇంకో రెండు. నీళ్ళ చుక్క ఉండగా గీత దాటి పోలేను కదా, ఎవడైనా జారితే ఆ పాపం నాదే. తుడుస్తున్నాను, రాలుతున్నాయి, తుడుస్తున్నాను. రిఫరీ వచ్చి "మేడమ్, యల్లా, యల్లా" అని రెండుసార్లు తొందరపెట్టాడు. ఈలోగా మనవాళ్ళు నీళ్ళు తాగారు, కాళ్ళు విదిలించుకున్నారు, కోచ్ వాళ్ళ చెవుల్లో చెప్పాల్సిందంతా చెప్పుకున్నాడు. ఒక్క గోలుతో గెలిచారు!

ఇక చూడు నా అవస్థ. కోచ్ పరుగున వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "షుక్రాన్ సత్యా! శ్వై శ్వై!" అని కన్ను గీటాడు. "నీకోసం కాదయ్యా మహానుభావా! పైన మా ఆయన అరిచాడు" అంటే వింటాడా? మర్నాడు పెద్ద చాక్లెట్ల డబ్బా తెచ్చాడు. వాళ్ళ ఆవిడ కూడా వచ్చి ముద్దు పెట్టుకుంది, పిల్లల స్కూలు మారే పని తప్పిందట. ముదీర్ కూడా "కోర్టు నీదే, ఎక్కడికీ పంపను" అని ముసిముసి నవ్వులు నవ్వాడు. నేను అమ్ముడుపోయానని క్లబ్బంతా అనుకుంటోంది. ఇన్నాళ్ళు ముక్కుసూటిగా చేసిన పని నీ ఒక్క కేకతో గంగలో కలిసింది.

ఊరుకోలేక రిఫరీని బయట కారు దగ్గర పట్టుకున్నాను. "సార్, నేను కావాలని ఆలస్యం చేయలేదు. మా ఆయన అరిచాడు, ఏడుపొచ్చింది, ఆ నీళ్ళే తుడిచాను" అన్నాను. ఆయన నవ్వాడు. "నాకు వినబడింది. ఏమన్నాడో అర్థం కాలేదు గానీ, ఎవరిని చూపిస్తున్నాడో అర్థమైంది. మొగుడే అనుకున్నాను" అన్నాడు. ఆయన ఒక్కడు నమ్మాడు, నాకు అది చాలు. చాక్లెట్లు మాత్రం మా గదిలోవాళ్ళు ఊడ్చేశారు.

మెస్సులో చెబితే చాలని రాశాను. నువ్వు హాలంతా వినేలా చెప్పావు. నాకు కోపం పోయిందని మాత్రం అనుకోకు. వచ్చే నెల మళ్ళీ మ్యాచ్ ఉంది. వస్తే వీళ్ళందరినీ వెంటబెట్టుకునే రా. కేక వేయాలనిపిస్తే మాత్రం నా చేతిలో మాప్ నేల మీద ఉన్నప్పుడు వేయకు. బంతి ఆడుతున్నప్పుడు వెయ్యి, అప్పుడు నేను కుర్చీలో కూర్చునే ఉంటాను. మొదటిసారి కళ్ళ నీళ్ళలో సరిగ్గా వినలేదు.

కోర్టు తుడిచే నీ భార్య,
సత్యకుమారి