‘భారం’ పట్టని ఫ్లెక్సీ

6, సోమవారం

షాపు ముందు కొత్త ఫ్లెక్సీ. నాయన రాసిచ్చింది ‘పన్ను భారం తీసేశాం’ అని. ఫ్లెక్సీ అతను చోటు చాలక ‘భారం’ ఎత్తేశాడు. మిగిలింది — ‘పన్ను తీసేశాం’. పక్కన ముప్పై రెండూ కనబడేలా నవ్వుతున్న ఆడమనిషి. ఆమె భుజం వెనక ఎక్కడో చిన్నగా మా ఫ్రిజ్‌లు, మిక్సీలు.

పన్ను పీకించుకోవడానికి ఎవరైనా వస్తారేమో అనుకుని నేను నవ్వు ఆపుకోలేకపోయాను. నాయనకు అర్థం కాలేదు. “బాగుండాది గదా, నవ్వుతాంది.” అసలు ప్రభుత్వం పన్ను తీసేయలేదు, తగ్గించిందంతే అని చెప్పబోతే, ఈడ క్లాసు తీసుకోవద్దు అన్నాడు.

8, బుధవారం

నిజంగానే వచ్చాడు! ఐరాల నుంచి ఒక పెద్దాయన, దవడకు తువ్వాలు చుట్టుకుని. “డాక్టరు పైన ఉండాడా సామీ? ఎడంపక్కది పీకాల.”

నాయన ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పళ్ళ డాక్టరు దగ్గరికి ఆటో ఎక్కించాడు. ఆటో మలుపు తిరిగేదాకా ఆగి ఇద్దరం పడీ పడీ నవ్వాం. కళ్ళు తుడుచుకుంటూ నాయన ఉన్నట్టుండి ఆగిపోయాడు. “ఆ ఫ్లెక్సీ సూసి లోపలికొచ్చింది ఆయనొక్కడేమ్మా.”

మిగతావాళ్ళు మెట్ల మీదే ధర అడిగి వెళ్ళిపోతున్నారు. ఇంకా తగ్గుతుందట కదా, ఆగుతారట. మాకు పెద్ద గిరాకీ సర్కారు ఉద్యోగులు... వాళ్ళ డీఏ రాలేదు. మామిడికి ధర లేక రైతులూ కదలడం లేదు. పన్ను తగ్గింది సరే. కొనేవాడి జేబు?

9, గురువారం

కాలేజీ స్టాఫ్ రూములో గెస్టు లెక్చరర్లం నలుగురం. మా కాంట్రాక్టు రెన్యువల్ మాట ఎవరూ ఎత్తలేదు. టీ చల్లారింది.

10, శుక్రవారం

సెకండియర్‌కు ద్రవ్యలోటు పాఠం. మాంద్యం వచ్చినప్పుడు లోటు పెరిగినా సరే, ప్రభుత్వం ఖర్చు పెట్టాలి, పన్నులు తగ్గించాలి, జనం చేతిలో డబ్బు ఆడాలి — బల్ల గుద్ది చెబుతున్నాను. ముందు బెంచీ పల్లవి లేచింది.

“మేడం, రెండూ చేస్తే లోటు ఇంకా పెద్దదయితాది గదా. అప్పుడు యాడ కోస్తారు?”

ఎక్కడ తేలికగా తెగుతుందో అక్కడ, అన్నాను. అన్నాక గాని నా మాట నాకే వినబడలేదు. బోర్డు తుడిచాను. తుడిచిందే తుడిచాను.

13, సోమవారం

హెచ్‌ఓడీ మేడం తలుపు దగ్గరికి వేయమంది. చూపు టేబుల్ మీదే. “ఫైలు వెనక్కొచ్చిందమ్మా. సర్కారుకు పన్ను రాబడి తగ్గిందంట. నెలాఖరు వరకే మీరు నలుగురూ. ఆర్డరు చేతికొచ్చేదాకా ఎవురితోనూ అనద్దు.”

నేను అడిగింది — మరి సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు మేడం?

ఛీ. అదా అడగాల్సింది.

పన్ను తగ్గించిన రోజు ఇంట్లో చప్పట్లు కొట్టింది నేనే.

14, మంగళవారం

రాత్రి అన్నాల దగ్గర నాయన చల్లగా బయటపెట్టాడు — దీపావళికి ఇరవై ఫ్రిజ్‌లు దించుతాడట. తిరుపతి డీలరుతో మాట్లాడేశాడట. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఇల్లెట్లా జరుగుతుందని అడిగింది.

“పాప జీతముండాది గదా ఇంటికి. షాపులో వచ్చేదంతా సరుక్కే పెడదాము. ఇప్పుడు కొనకుంటే జనం ఇంకెప్పుడు కొంటారు?”

రసం పోసుకున్నాను. అన్నం లేదు కంచంలో.

15, బుధవారం

పొద్దున వాక్యం సిద్ధం చేసుకుని షాపుకు వెళ్ళాను. నాయనా, ఒక మాట. చెప్పుమ్మా అన్నాడు — ఫ్రిజ్ తలుపు తుడుస్తున్నాడు, కూనిరాగం తీస్తున్నాడు. ఆ రాగం విని ఎన్నాళ్ళయింది...

సాయంత్రం వాన పడేట్టుంది, అన్నాను.

16, గురువారం

చెప్పలేదు.

17, శుక్రవారం

మధ్యాహ్నంలోపు ఖాయం చేయకపోతే సరుకు వేరేవాళ్ళకు పోతుందని డీలరు అన్నాడట. నాయనకు ఫోన్‌లో టైపు చేయడం రాదు. కాలేజీకి బయల్దేరుతున్నదాన్ని పిలిచి ఫోన్ చేతిలో పెట్టాడు. “ఇరవైకీ ఓకే, రేపే లారీ ఎత్తియ్యండి అని కొట్టుమ్మా.”

కొట్టాను. తప్పు లేకుండా, చివర చుక్కతో సహా. పంపే గుర్తు మీద వేలు పడలేదు.

“పంపినావా?”

“పంపినాను.”

కాలేజీకి వెళ్ళలేదు. క్యాష్ కౌంటర్ వెనక కూర్చుని ఇది రాస్తున్నాను. ఫోన్ ఇంకా నా దగ్గరే, సౌండ్ తీసేశాను. డీలరు రెండుసార్లు చేశాడు. లోపల నాయన పాత గ్రైండర్లు ఒక్కొక్కటీ గోడకు జరుపుతున్నాడు — ఇరవైకి చోటు చేయాలని. ఒక చెయ్యి వెయ్యమ్మా అంటున్నాడు...