మా బావ తొక్కిన ఎనిమిది వందల కిలోమీటర్ల గురించి

క్రీడల శాఖ అధికారి గారి సముఖమునకు,
దూరప్రయాణ సైకిల్ విభాగం.

అయ్యా,

విషయం: చనిపోయిన మా బావ పేరిట రద్దయిన నాలుగు సర్టిఫికెట్లను తిరిగి ఇప్పించుట, తప్పు చేసిన నన్ను విడిగా శిక్షించుట గురించి.

పై విషయమై, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కునైన నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా అక్క భర్త, అనగా మా బావ, దర్జీ. వారంలో ఆరు రోజులు కుట్టుమిషను తొక్కి ఏడో రోజు సైకిల్ తొక్కేవాడు. "అదెంత తొక్కినా ఉన్నచోటే ఉంటాన్రా, ఇదైతే ఊరు దాటిస్తుంది" అనేవాడు. మేమిద్దరం రెండు వందల కిలోమీటర్ల ప్రయాణాలు నాలుగు పూర్తి చేసితిమి. తరువాత మూడు వందలు, ఆరు వందలు, చివరకు వెయ్యి తొక్కవలెనని మా ఉద్దేశం. ఇద్దరి వయసూ కలిపితే నూట పది. ఉద్దేశాలకు వయోపరిమితి ఉన్నట్టు తమ నిబంధనల్లో ఎక్కడా లేదు.

2. దారిలోని ప్రతి తనిఖీ కిటికీ వద్ద ఎవరి కార్డు మీద వారే ముద్ర వేయించుకోవలెనని మాత్రం ఉంది. మేము పాటించలేదు. బావ నెమ్మది. నేను ముందు వెళ్లి రెండు కార్డులూ కిటికీలో పెట్టేవాణ్ణి. "మీ బావగారు ఏరండీ?" అని గుమాస్తా అడిగితే "వెనక వస్తున్నాడు" అనేవాణ్ణి. బావ పావుగంటకో అరగంటకో వచ్చి నీళ్లు తాగేవాడు. మొదటి ప్రయాణంలో ఆయన సీటు సంచిలో నేను ఇటుక పెట్టాను. డెబ్బై కిలోమీటర్లు మోశాడు. మొదటి కిటికీ దగ్గర దాన్ని తీసి బల్ల మీద పెట్టి, "దీనికీ ఓ ముద్ర కొట్టండి సార్, నాతోపాటే వచ్చింది" అన్నాడు. గుమాస్తా కొట్టాడు. ఆ ఇటుక నేటికీ ఆ గుమాస్తా ఫైళ్ల మీద బరువుగా ఉన్నది. దీనిని సాక్ష్యముగా స్వీకరించ ప్రార్థన.

3. బావ మొన్నొక మంగళవారం మధ్యాహ్నం, ఒక ప్యాంటు అంచు కుడుతూ మిషను మీదే పోయాడు. ఆయన పోయిన ఇరవై ఆరో రోజున మూడు వందల ప్రయాణం. ఎందుకు వెళ్లావని తమ నోటీసు అడిగింది. తెలియదు. పేర్లు ఇచ్చి ఉన్నాం, వెళ్లాను. కార్డులు రెండూ నా సంచిలోనే ఉన్నాయి.

4. మొదటి కిటికీ వద్ద చెయ్యి రెండు కార్డులూ తీసింది. గుమాస్తా అడిగాడు. నోరు ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. ఆయన రెండింటికీ ముద్ర వేసి, బావ కోసం నీళ్ల సీసా పక్కన పెట్టాడు. అప్పుడైనా చెప్పవలసినది. చెప్పలేదు. మిగతా కిటికీల దగ్గరా అంతే. ఇది నా పాత వేషాల్లో ఒకటని తమరు రాశారు. వేషం వేస్తే నాకు నవ్వొస్తుందండీ. ఆ రోజు నవ్వు గాని, ఏడుపు గాని, భయం గాని కలగలేదు. ఎడమచేతి చివరి రెండు వేళ్లు మొద్దుబారినవి. అంతకు మించి నమోదు చేయదగినది లేదు. ఆఖరున రెండు కార్డులూ అప్పగించి, ఇంటికి వెళ్లి పడుకున్నాను.

5. మొదటి కిటికీ గుమాస్తా మాత్రం వేళ దాటినా బావ కోసం కూర్చుని, కార్డు మీదున్న దుకాణం నంబరుకు ఫోన్ చేశాడు. అక్క ఎత్తింది. సంగతి బయటపడింది. తమరు నా మూడు వందల ప్రయాణాన్ని కొట్టివేశారు. న్యాయం. ఏడాది నిషేధించారు. అదీ న్యాయమే. కానీ ముద్రలన్నీ నేనే వేయించాను గనుక బావ అసలు తొక్కినట్టు రుజువు లేదని, ఆయన నాలుగు సర్టిఫికెట్లూ వారంలోగా అప్పగించమన్నారు. అక్క వాటిని దుకాణం గోడ మీంచి తీసి కవరులో పెట్టింది.

"నువ్వు ఇన్నాళ్లూ ఎన్ని కోతలు కోసినా ఊరుకున్నాను. ఒక్కటి చెప్పు. మీ బావ తొక్కాడా, లేదా?"

"తొక్కాడక్కా."

"నీ మాట నమ్మమంటావా?" అంది.

నా మాట చెల్లదు గనుక తమ మాట కోసం వచ్చితిని.

కావున నా నిషేధం ఏడాది బదులు ఐదేళ్లు చేసినా సమ్మతమే. బావ సర్టిఫికెట్లు నాలుగూ అక్కకు తిరిగి ఇప్పించగలందులకు, ఈ అర్జీని కోపం తగ్గిన పూట చిత్తగించవలెను.

ఇట్లు, ఒక్క విషయంలో మాత్రం
తమ విధేయుడు,
దర్జీ గారి బావమరిది

తా.క. పైన నాలుగు అని రాశాను. అది అబద్ధం. మూడో ప్రయాణంలో ఎదురుగాలికి నూట ఇరవై దగ్గర బావ మోకాలు పట్టేసింది. సైకిలుతో సహా పాల వ్యాను ఎక్కి ఇంటికి వెళ్లిపోయాడు. మిగతా ముద్రలు నేను కొట్టించుకొచ్చాను. "ఆ సర్టిఫికెట్ గోడకు పెట్టొద్దురా" అన్నాడు. అక్క ముచ్చటపడి పెట్టేసింది. ఆయన మర్నాడే మిషను తిప్పేసి, ఆ గోడకు వీపు పెట్టి కుట్టుకున్నాడు. అది కొట్టేసి మూడే ఇప్పించండి. ఆ మూడూ ఆయనే తొక్కాడు. ఒకటి ఎందుకు తగ్గిందో అక్కకు తమరు రాయనక్కరలేదు, నేనే చెబుతాను. ఈ కాగితం మీ ఆఫీసులో ఇచ్చి నేరుగా దుకాణానికే వెళుతున్నాను.