బ్యాలెట్టు మీద నా పేరు ఉండనివ్వండి

బీహారు రాష్ట్రం, సింగ్‌భూం జిల్లా, జంషెడ్‌పూర్ పట్టణం, కద్మా కంపెనీ క్వార్టర్లలో కాపురముంటున్న పొట్నూరు ఆదిబాబు గారి కుమారుడినీ, బి.ఎ. ఆఖరి సంవత్సరం విద్యార్థినీ, ఇరవై రెండేళ్ల వయసు వాడినీ అయిన నీలకంఠం అనే నేను, ఆసుపత్రి మంచం మీద దిండుకు ఆనుకుని, ఎవరి ఒత్తిడికీ లొంగకుండా, నా స్వహస్తంతో రాసి ఉంచుతున్న వీలునామా ఇది. ఒత్తిడి లేదని రాయడం రివాజు. ఉంది. లొంగలేదు.

నా బుద్ధి స్థిరంగా ఉంది. స్థిరంగా లేనిది కడుపు. మొన్న కాలేజీ వేదిక మీద వాదిస్తూ వాదిస్తూ నెత్తురు కక్కుకున్నాను. లోపల పుండు ముదిరింది, కోయక తప్పదన్నారు డాక్టరు గారు. రేపు శుక్రవారం ఉదయం ఆపరేషను. రేపే మధ్యాహ్నంతో కాలేజీ యూనియన్ ఎన్నికల్లో పేరు ఉపసంహరించుకునే గడువు తీరిపోతుంది. సోమవారం పోలింగు. కార్యదర్శి పదవికి నేను అభ్యర్థిని.

ఈ పుండు చరిత్రను వారసులు తెలుసుకోవాలి. మా కాలేజీలో అభ్యర్థులు ఓటర్లకు తినిపించడం ఆచారం. ఎవరి పూరీలు ఎంత పొంగితే వారికి అన్ని ఓట్లు. నేను ఎవరికీ ఏమీ తినిపించనని మెట్ల మీద నిలబడి ప్రకటించాను. "మీరే నాకొక సమోసా పెట్టండి. అది తినేంతసేపు నేను చెప్పేది వినండి" అన్నాను. వినోదంగా తోచి అందరూ ఒప్పుకున్నారు. కాంటీనులో బల్ల తరవాత బల్ల తిరిగాను. పొద్దున ఆలూచాప్, మధ్యాహ్నం సమోసా, సాయంత్రం కచోరీ, నడుమ గొంతు తడుపుకోవడానికి టీ. ఓటును తిండికి అమ్ముకునే ఆచారాన్ని తలకిందులు చేశానని నా నమ్మకం. డాక్టరు గారు సమోసాను ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టలేదు. వేళకు అన్నం తినకపోవడం ఏళ్ల నాటిదనీ, సమోసాలు తుదితీర్పు మాత్రం చెప్పాయనీ అన్నారు. హాస్టలు పిల్లల్లో సగం మంది కడుపులు ఇదే దారిలో ఉన్నాయట. ఆ మాట ఎన్నికల ప్రణాళికలో ఉండవలసింది. ఇప్పుడు వీలునామాలో ఉంది.

ఇక నా ఆస్తి పంపకం.

ఒకటి. నా మూడు గిన్నెల టిఫిను డబ్బా, హాస్టల్లో ఉండే నా మిత్రుడు సూర్యానికి. డబ్బాతో పాటు అందులో మా అమ్మ రాగిపిండితో చేసి పెట్టే చోడిరొట్టె, పప్పు, తోటకూర వేపుడు మీద కూడా అతనికి హక్కు ఉంటుంది. సూర్యం రెండేళ్లుగా టీ, బ్రెడ్డు, సిగరెట్టు పొగ మీద బతుకుతూ పోషకాహారం అనే పాఠంలో మొదటి మార్కు తెచ్చుకున్న మేధావి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా అతనిదే. షరతు ఒకటి: డబ్బాను నలుగురిలో, మూత పూర్తిగా తెరిచి తినాలి. చోడిరొట్టె నల్లగా ఉందని ఎవడైనా నవ్వితే వాడికొక ముక్క పెట్టాలి.

రెండు. వక్తృత్వ పోటీల్లో నేను గెలిచిన వెండిపూత కప్పులన్నీ మా అమ్మ సన్యాసమ్మకు. వాటితో ఉప్పు కొలుస్తుందో, చోడిపిండి కొలుస్తుందో ఆమె ఇష్టం. వాదనలో నన్ను ఓడించింది ఆమె ఒక్కతే గనక కప్పులు చేరవలసిన చోటికే చేరుతున్నాయి. కిందటి అసెంబ్లీ ఎన్నికల్లో మా వీధికి పూరీల లారీ వచ్చింది. అభ్యర్థి పేరు కూడా తెలియకుండా ఓటెలా వేస్తావని అమ్మను నిలదీశాను. ఆమె పొయ్యి ఊదుతూనే జవాబు చెప్పింది. "తిండెట్టినోడికి ఓటేత్తే తప్పేటిరా? ఎట్టనోడికి ఏసిన యేడు మాత్రం మనకేటొచ్చింది?" నేను రాజ్యాంగం నుంచి మొదలుపెట్టాను. "ఆ రాజ్జెంగం అన్నం తిన్నాక సెప్పు, సల్లారిపోతంది" అంది. నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు. దొరకలేదు కాబట్టి ఆమె చెప్పింది సరైనదని ఒప్పుకోను. అమ్మా, పెట్టినవాడికి వేసినా పెట్టనివాడికి వేసినా ఒకటే అయినప్పుడు, మూడోవాడు ఎవడో కనుక్కోవాలి కదా? కప్పులు తోమేటప్పుడు ఆలోచించు.

మూడు. మొన్న బేరియం తాగించి తీసిన నా పొట్ట ఎక్స్‌రే, కాంటీను నడిపే బంగార్రాజు గారికి. ఆయన దాన్ని మూకుడు పైన, దేవుడి పటం పక్కన వేలాడదీయాలి. నూనె నల్లబడిందని నేను ఫిర్యాదు చేసిన రోజున ఆయన "నల్లబడితేనే రుసి బాబూ, నువ్వు సదువుకున్నోడివి, నీకు నాలిక తెలవదు" అన్నారు. ఆ రుచి లోపల ఎలా ఉంటుందో తెల్లటి మరకతో సహా ఆయన చూసుకోవచ్చు. కోపం లేదని రాయమంది నర్సు అమ్మణ్ణి. ఉంది.

నాలుగు. ప్రత్యర్థి ధర్మరాజు ఆసుపత్రికి తెచ్చిన జిలేబీల డబ్బా ధర్మరాజుకే. నెత్తురు కక్కినవాడికి జిలేబీలు తేవడం అతని రాజకీయ అవగాహనకు కొలమానం. మంచి మనిషే. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో వాళ్లు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే కుర్రాళ్లలో ఒకడు. నాతోనూ అంతే. "నామ్ వాపస్ లే లే యార్. జాన్ హై తో జహాన్ హై" అన్నాడు, పేరు వెనక్కి తీసుకొమ్మని, ప్రాణముంటేనే కదా లోకమని. అన్నవెంటనే, నేను తప్పుకుంటే ఎన్నిక ఏకగ్రీవమవుతుందని కూడా అన్నాడు. మొదటి మాటకు అతనికి నా కృతజ్ఞతలు. రెండో మాటకు నా జవాబు ఏడో అంశంలో ఉంది.

అయిదు. నా పుస్తకాలన్నీ, అంచుల్లో నేను రాసిన తిట్లతో సహా, నా సహాధ్యాయిని పద్మకుమారికి. టాటానగర్ రైల్వే కాలనీ అమ్మాయి. వేదిక ఎక్కదు. పుస్తకాలు ఆమెకే ఎందుకో చెప్పాలి. నా సమోసా పద్ధతి ఫలించిందా అని తెలుసుకోవాలని, బల్లల దగ్గరికి తిరిగి వెళ్లి నేను చెప్పినదేమిటో చెప్పమని అడిగాను. ఒకడు "ఓటు నీకే గురూ! ఒక్క ఊపులో నాలుగు సమోసాలు లాగించేశావు, నీ అంత మొనగాడు లేడు" అన్నాడు. మరొకడికి నా వాగ్దానాల్లో ఒక్కటే గుర్తుంది, అదీ ధర్మరాజుది. నేను నమ్మిన విధానమంతా ఒక తిండిపోటీగా మిగిలింది. పద్మకుమారి మాత్రం సమోసా పెట్టలేదు. నిలబడే వింది. "నువ్వు సెప్పింది బాగుంది. నిజమో కాదో ఎవుల్ని అడిగి తెలుసుకోవాల? నిన్నే అడగమంటావా?" అని వెళ్లిపోయింది. ఓటరుకు తెలియదని నేను ఊరంతా అరిచాను. తెలుసుకునే చోటు ఒక్కటైనా చూపించానా?

నేను చనిపోతే నియమావళి ప్రకారం పోలింగు ఆగి కొత్త నామినేషన్లు పిలుస్తారు. కాబట్టి అప్పుడు ఆమె నిలబడాలని కోరుతున్నాను. ఇది వారసత్వం కాదు. పదవులను వారసత్వంగా రాసిచ్చే దేశం మీద నేను చేసిన ఉపన్యాసాలు ఆమె విన్నది. ఇది కోరిక మాత్రమే. నిరాకరించే హక్కు ఆమెకు ఉంది. నిరాకరిస్తే కారణం నోటీసు బోర్డు మీద అంటించాలి.

ఆరు. నా కళ్లజోడు ఎవరికీ సరిపోదు. పారేయండి.

ఏడు. మా నాన్న ఆదిబాబు గారికి నేను ఏమీ రాయడం లేదు. ఆయన కార్ఖానాలో క్రేను నడుపుతారు. కిందివాళ్లు చెయ్యి ఊపితేనే బరువు దించే అలవాటు. నేను మాత్రం ఏ సంజ్ఞకూ ఆగనని ఆయన బాధ. ఉపసంహరణ కాగితాన్ని ఎవరిచేతనో హిందీలో రాయించి తెచ్చి నా దిండు పక్కన పెట్టారు. "ఎలచ్చనూ నువ్వూ రెండూ బతకవురా. ముందు దీని మీద సంతకం ఎట్టు, తరవాత కోతకి ఎల్దువు గాని" అన్నారు. ఆ కాగితం చదివాను. 'అనారోగ్యం వల్ల, స్వచ్ఛందంగా' అని ఉంది. మొదటి మాట నిజం. రెండోది అబద్ధం. అబద్ధం మీద సంతకం పెట్టి కత్తి కిందికి వెళ్లలేను. ఆపరేషనుకు సమ్మతి పత్రం మీద సంతకం చేశాను. ఉపసంహరణ మీద చేయను. నేను బతికితే ఓడిపోవచ్చు. ధర్మరాజు పూరీలు బాగుంటాయి. ఓడిపోవడానికైనా బ్యాలెట్టు మీద రెండో పేరు ఉండాలి. ఒకే పేరున్న కాగితం మీద తెలిసి ఓటేసినవాడు, తెలియక ఓటేసినవాడు అనే తేడా ఏమీ ఉండదు.

నాన్నగారికి ఆస్తి రాయకపోవడానికి కారణం ఇది: లబ్ధి పొందేవాడు సాక్షి కాకూడదని ఈ పత్రానికి నేను పెట్టుకున్న నియమం. ఆయన సాక్షిగా ఉండాలని నా కోరిక. ఒప్పుకోమని అడగడం లేదు. పూర్తిగా చదవకుండా మాత్రం సంతకం చేయవద్దని అడుగుతున్నాను. అమ్మ చదవకుండానే వేలిముద్ర వేస్తానంది. వద్దన్నాను. అలిగి వరండాలో కూర్చుంది.

ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలేవీ లేవు. బతికి బయటపడితే ఒకటో అంశం తప్ప మిగతావి రద్దు.

జంషెడ్‌పూర్, గురువారం, 16 సెప్టెంబరు 1982, సాయంత్రం.

(సంతకం) పొట్నూరు నీలకంఠం

సాక్షులు:

1. అమ్మణ్ణి, వార్డు నర్సు. నా ఎదుట సంతకం చేశారు.

2. పొట్నూరు ఆదిబాబు, తండ్రి. మొదట్నించీ సివరాకరి దాకా సదివేను. ఏడోది రెండుసార్లు సదివేను. ఒప్పుకోను. తెలివి ఉండే రాసేడని సాచ్చికం సెప్తన్నాను.