వయొలిన్ వీపు మీద పేరు

ఇటలీలో వయొలిన్లు చేసే మార్చెల్లో అన్నకు ప్రొద్దుటూరు నుంచి నమస్కారం.

మా బిడ్డ ఐశ్వర్యకు నువ్వు చేసి పంపిన వయొలిన్ భద్రంగా చేరింది. బిడ్డ నాతో మాట్లాడ్డం లేదు. ఇంగ్లీషులో రాసిచ్చేవాళ్లు లేక తెలుగులోనే రాస్తాండా. ఆడ ఎవురితోనైనా చదివించుకో.

దాని వీపు చెక్కను గీకుతా, తట్టి వింటా మూడు నెలలు కూర్చున్నానని బిడ్డకు రాసినావంట. శానా ఓపికప్పా నీకు! అయితే మా పక్క ఎవురికి చెంబు ఇచ్చినా పేరు చెక్కించకుండా ఇయ్యం. అందుకే స్టీలు సామాన్ల అంగడికి తీసకపోయి, వీపు మీద 'కీ.శే. పట్టాభిరామయ్య జ్ఞాపకార్థం' అని మా నాయన పేరు మిషన్‌తో చెక్కించినా. స్టీలుకు అలవాటైన చెయ్యి గదా, రెండక్షరాలు చెక్కలోనుంచి అవతలికి దిగినాయి.

వచ్చే నెల జమ్మలమడుగులో బిడ్డ కచేరి. ఇప్పుడు వాయిస్తే జలుబు చేసిన గొంతు మాదిరి పలుకుతాంది. ఆ బొక్కలు దేంతో పూడ్చాల్నో వెంటనే రాయి.

కోప్పడొద్దు. ఇంత కష్టపడి, నీ పేరు మాత్రం లోపల చీటీ మీద ఎవురికీ కనపడకుండా అతికించుకున్నావు. నాకు మనసొప్పలేదు. మా నాయన పేరు కింద నీ పేరు కూడా పెద్దక్షరాలతో చెక్కించినా.

అవతలికి దిగిన ఆ రెండూ నీ పేరులోవే.