ఎండు నెత్తళ్ళ మీద తెల్లపొడి

19 జనవరి 1978

పరీక్ష ప్లేటు మీద మచ్చలు వచ్చాయి. పన్నెండు ఎండుచేపల శాంపిల్స్‌లో తొమ్మిదింటికి. జాలరిపేటలో చేపలమ్మే పోతమ్మ నెత్తళ్ళదే అన్నిటికన్నా నల్లగా ఉంది. పురుగుల మందే, అనుమానం లేదు. మూడు నెలల నుంచీ చేస్తున్నాను, ఇంత శుభ్రమైన రిజల్ట్ ఎప్పుడూ రాలేదు. గంతేయాలనిపించింది. తర్వాత గుర్తొచ్చింది, పొద్దున అమ్మ క్యారేజీలో పెట్టింది ఆ ఎండు నెత్తళ్ళ కూరే.

20 జనవరి

మా గైడ్ శ్రీరామ్మూర్తి గారు ప్లేటుని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. మార్చి సెమినార్‌లో పేపర్ చదవమన్నారు. మునిసిపల్ హెల్త్ ఆఫీసర్‌కి ఒక కాపీ పంపాలట. సంతోషంగా తలూపాను.

22 జనవరి, ఆదివారం

చర్చి నుంచి నేరుగా జాలరిపేట. శాంపిల్స్ ఇస్తున్న మనిషి, ముందు పోతమ్మకి చెప్పాలనిపించింది. ఇసకలో ఎండేసిన చేపల మీద తెల్లపొడి జల్లుతోంది, వట్టి చేతులతో. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా పగిలి ఉంది. దురదా అంటే, అలవాటైపోయిందంది.

రిజల్ట్ చెప్పాను. ఆవిడేమీ దాచలేదు. ఈగలు గుడ్లు పెడితే రెండో రోజుకి పురుగు పడుతుంది, మబ్బేస్తే సరుకంతా పోతుంది, అందుకే పొలాల మందు తెచ్చి జల్లుతున్నారట. తర్వాత నేను రాసే పేపర్ సంగతి అడిగింది.

"ఆ కాయితం బైటికెల్తే మా సేప ఎవులూ ముట్టరు. అప్పుడు మేం ఏటి తినాలమ్మా?"

మొన్న తలూపినందుకు బస్సులో సిగ్గేసింది.

23 జనవరి

సార్‌ని గడువు అడిగాను. తప్పు చూపించి వదిలేస్తే సగం పనే అన్నాను. ఇంత ధైర్యం ఎక్కడిదో. ఈలోపు జనం ఆ చేపలు తింటూనే ఉంటారు కదా అన్నారాయన. అదీ నిజమే. చివరికి ఆరు వారాలు ఇచ్చారు.

4 ఫిబ్రవరి

బాగా చిక్కటి ఉప్పునీళ్ళలో నానబెట్టి ఎండేశాం. పురుగు రాలేదు. నోట్లో పెట్టుకుంటే మాత్రం ఉప్పురాయే. పూర్ణామార్కెట్‌లో ఒక్కరూ కొనలేదట. పోతమ్మ గంప దించి నా వైపు తోసింది.

11 ఫిబ్రవరి

ఉప్పు తగ్గించాను. పురుగు పట్టింది.

16 ఫిబ్రవరి

ఈ రోజు పోతమ్మ నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. ఒడ్డుకి లాగిన పడవ అంచు మీద ఎవరో నాలుగు చేపలు ఆరేశారు. ఒక్క ఈగ లేదు.

"ఎత్తులో గాలి కొడతాది. ఈగ నిలవదు. నాను సిన్నప్పట్నించీ సూత్తన్నాను, ఇప్పుడు తట్టింది."

ఆరేళ్ళు జువాలజీ చదివిన నాకు అసలే తట్టలేదు. సాయంత్రానికి వెదురు కర్రలు పాతి, పైన పాత వల బిగించి, నడుమెత్తున మంచె కట్టాం. సముద్రం గాలి కింద నుంచీ తగులుతుంది. ఉప్పు కొంచెమే వేశాం.

20 ఫిబ్రవరి

రెండు రోజులు మబ్బు. మంచె మీద పురుగు లేదు! ఇసకలో పోలిక కోసం ఎండేసినవి ఇంకా మెత్తగానే ఉన్నాయి. ఇవి కర్రల్లా ఎండాయి. పైగా ఇసక అంటలేదు. మార్కెట్‌లో మధ్యాహ్నానికే అయిపోయాయట.

27 ఫిబ్రవరి

మంచె చేపలకీ ఆ ప్లేటు పరీక్షే, టీఎల్‌సీ, చేశాను. ఒక్క మచ్చ లేదు. ఖాళీ ప్లేటు చూసి ఇంత సంబరపడేది నేనొక్కదాన్నేనేమో.

5 మార్చి, ఆదివారం

జాలరిపేటలో ఇప్పుడు పదకొండు మంచెలు. పోతమ్మ చేతులు మానుతున్నాయి. పేపర్‌లో మందు సంగతీ, మంచె సంగతీ రెండూ రాశాను. హెల్త్ ఆఫీసర్‌కీ అదే వెళుతుందని సార్ మాటిచ్చారు. కృతజ్ఞతల్లో తన పేరెక్కడుందో చూపించమంది పోతమ్మ. చూపించాను. దాని మీద వేలు పెట్టి అడిగింది.

"ఒట్టి పోతమ్మేనా? ఇంటిపేరు ఎయ్యవా?"

వేశాను. గరికిన పోతమ్మ.

2 ఏప్రిల్, ఆదివారం

భీమిలి. మంచె కట్టడం నేర్చుకోడానికి ముప్పై మంది జాలరి ఆడవాళ్ళు వచ్చారు. పోతమ్మ పాఠం చెప్పింది. నేను వెదురు కర్ర కదలకుండా పట్టుకున్నాను.