బావ బిగించిన స్క్రూలు

ఆదివారం, మధ్యాహ్నం

పూజ్యులైన బావగారికి,

మీ మరదలి నమస్కారాలు. ఫోను చేస్తే ఎత్తరు, గుమ్మంలోకి వస్తే పెరటి దారిన జారుకుంటారు. అందుకే ఉత్తరం రాసి మనిషితో పంపుతున్నాను. చింపి పారెయ్యాలన్నా ముందు చేతిలోకి తీసుకోవాలి కదా.

ఇక్కడ అందరం బాగున్నాం. చదరంగంలో ఓడించడానికి మనిషి దొరక్క మీ తోడల్లుడు విలవిల్లాడుతున్నారు.

టైలరుగారి కొట్టులో మీరు పెట్టిన కరెంటు మీటరుకి నేను సీలు వెయ్యలేదని అలిగారు. పదిమందిలో, అదీ సొంత మరదలు, స్క్రూ వదులుగా ఉంది, మళ్ళీ చెయ్యండి అనేసరికి మీ మొహం మాడిపోయింది. నేను పలక పట్టకముందే మీరు మీటర్లు బిగించారని, నాకు టెస్టరు పట్టుకోవడం నేర్పింది మీరేనని గుర్తుచేసి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. అన్నీ నిజాలే. నాకు ఈ కరెంటాఫీసు ఉద్యోగం వచ్చినరోజు, మనుషుల మొహం చూసి సీలు వెయ్యకు, వైరు లాగి చూసి వెయ్యమని చెప్పింది కూడా మీరే.

లాగి చూశాను బావా, కదిలింది. అక్కడ పొద్దస్తమానం ఇస్త్రీపెట్టెలు నడుస్తాయి. వదులుగా ఉన్నచోట వేడెక్కితే చుట్టూ ఉన్నవన్నీ బట్టలే. పైగదిలో ఆయన పిల్లలు పడుకుంటారు. ఇదంతా మీకు నేను చెప్పాలా?

మీరు బిగించిన స్క్రూ విప్పాలంటే ఇద్దరు కావాలని మా ఆఫీసులో విసుక్కుంటారు. మీరు మూతపెట్టిన నూనెడబ్బా తియ్యలేక అక్క ఇరుగింటికీ పొరుగింటికీ తిరిగేది. అందుకే మొన్న మా ఇంట్లో టీ గ్లాసు ఎడమచేత్తో అందుకుంటే, బావకి కొత్త షోకు పుట్టిందని ఏడిపించాను. మీరు నవ్వలేదు.

కోపముంటే వచ్చి తిట్టండి. మాట్లాడటం మాత్రం మానకండి. మీరు రాక ఇల్లు బోసిగా ఉంది, నాకు ఏడుపొస్తోంది.

ఇట్లు,
మీరు పెట్టిన పేరుతోనే,
వంకలమ్మ

తా.క. అందరి ముందూ ఒక్క స్క్రూ అన్నాను. అబద్ధం. మీరు బయట టైలరుగారితో మాట్లాడుతుంటే అన్నీ చూశాను, అన్నీ వదులే. ఒక్కో స్క్రూ తలమీద స్క్రూడ్రైవరు జారిన గీతలు ఎన్నో ఉన్నాయి. పని మీద శ్రద్ధ లేనివాడు అన్నిసార్లు ప్రయత్నించడు. మీ కుడిచేతిలో పట్టు ఎప్పటినుంచి లేదు బావా? నేనే బిగించి సీలు వేసేస్తే ఆ పూటకి మీ పరువు నిలిచేది. రేపు ఇంకో ఇంట్లో నేనుండను కదా. అక్కకి ఇంకా చెప్పలేదు, మీరే చెప్పాలి. రేపు సాయంత్రం డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్దాం. అంతకుముందు పొద్దున్నే టైలరుగారి కొట్టుకి రండి. మీరు పక్కన నిలబడి చెప్పండి, నేను బిగిస్తాను. నేను బిగించినదానికి నేనే సీలు వెయ్యకూడదు కాబట్టి మా ఆఫీసులో ఇంకొకరిని రమ్మన్నాను. సంచీ మొయ్యకండి, స్క్రూడ్రైవరు నేను తెస్తాను.