పందికి కనిపించని రంగు

డ్రియానెవో,
స్ట్రాంజా కొండలు.
డిసెంబరు 4, 2017, సోమవారం.

బుర్గాస్‌లో ఉన్న మా అన్నయ్య రుసికి,

చెల్లెలు వల్కాన నమస్కారాలు. ఇక్కడ నేనూ, మా ఆయన జెకో, మేకలూ, మన వేటకుక్క షారా అందరం క్షేమం. నువ్వూ క్షేమంగానే ఉండి ఉంటావు. కాకపోతే ఆ కబురైనా ఎవరో ఒకరు మోసుకొచ్చేవాళ్లు. ఫోను చేస్తే ఎత్తవు. కొత్త సంవత్సరానికి కాఫీ పొట్లాలు పంపుతావు కానీ లోపల ఒక్క ముక్క రాయవు. అందుకే ఈ ఉత్తరం. ఫోనైతే మోగి మోగి ఊరుకుంటుంది. ఉత్తరం అలా కాదు, నువ్వు చదివేదాకా నీ బల్లమీద కూర్చునే ఉంటుంది.

ఈ ఏడు ప్లమ్ పళ్లు విరగకాశాయి. వాటితో జెకో రకియా సారా కాచాడు. రుచి చూసిన పోస్టుమాన్ తన సైకిలు మా వాకిట్లోనే మరిచిపోయి నడిచి వెళ్లాడు. జెకో మోకాలు ఇంక వంగదని డాక్టర్లు తేల్చేశారు. కర్ర పట్టుకుని దొడ్డంతా తిరుగుతాడు, ట్రాక్టరు ఎక్కాలంటే నన్ను తిడుతూ ఎక్కుతాడు. శనివారాలు వేటగాళ్ల విడిదిలో వంట అతనిదే. చిక్కుడుగింజల చారు కాస్తాడు. బాగుందని ఎవరైనా అంటే, పొయ్యి దగ్గర నిలబడటం కన్నా పందికి ఎదురు నిలబడటమే తేలికని గొణుగుతాడు.

ఇక నీకు కోపం వచ్చే సంగతి. ఈ వేసవిలో నేను వేట పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. జెకో తుపాకీ నా పేరు మీదికి మారింది. మన ఊరి వేటబృందంలో ఆడమనిషి లేదు కదా, ఇప్పుడుంది. వాగు మలుపు దగ్గర రాళ్ల పక్కన నువ్వు మాటు వేసే చోటు ఖాళీగా ఉంటే అక్కడే నిలబడుతున్నాను. నీకు కష్టంగా ఉంటే వచ్చి నన్ను అక్కణ్ణించి లేపు.

సీజను మొదలయ్యే ముందురోజు పట్నం నుంచి ఒక వ్యాపారి వ్యాను వేసుకుని వచ్చి, విడిది ముందు దుప్పటి పరిచి సామానంతా పేర్చాడు. మనిషి వాసన చంపే సీసాలు, బ్యాటరీతో వెచ్చబడే చేతితొడుగులు, మడిచి జేబులో పెట్టుకునే స్టూళ్లు, ఆకుల బొమ్మలున్న బట్టలు. మనవాళ్లు పెళ్లిబట్టలు బేరమాడినట్టు ఆడారు. వాసన చంపే సీసా కొన్నవాళ్లే మర్నాడు మాటులో కూర్చుని సిగరెట్లు కాల్చారు. బృందానికి పెద్ద డెల్చో బాబాయ్ నిలువెల్లా ఆకుల బట్టలు తొడిగాడు. ఆయన నడుస్తుంటే ఓక్ పొద ఒకటి తాగి బయల్దేరినట్టుంది.

ఆ కుప్పలో అట్టడుగున నారింజరంగు కోట్లున్నాయి, రోడ్డు పనివాళ్లు వేసుకునే చేతుల్లేని రకం. వాటి ధర అడిగితే వ్యాపారి నవ్వాడు. వీటిని ఇన్‌స్పెక్టరు కోసం కొంటారక్కా, వేట కోసం కాదు అన్నాడు. నిజమే. గుంపుగా వేటాడేటప్పుడు అవి వేసుకోవాలని రూలుంది, ఆ కాగితం విడిది గోడకి అంటించే ఉంది. మన బృందం కోట్లేమో డెల్చో బాబాయ్ జీపులో స్టెప్నీ కింద పెట్రోలు కంపు కొడుతూ, దుమ్ము రంగుకి తిరిగి పడి ఉన్నాయి. నీకు తెలియనిదేముంది, నువ్వూ ఒక్కరోజు కూడా వేసుకోలేదు, జెకో కూడా వేసుకోలేదు.

నేను ఆ వ్యాపారి దగ్గర కొనలేదు, అవి నాసిరకం. ఒక తాను నారింజ బట్ట తెప్పించి, మన అమ్మ కుట్టుమిషను మీద బృందంలో అందరికీ కుట్టాను, తలా ఒక టోపీతో సహా. షారా మెడకి కూడా ఒక పట్టీ కుట్టాను. మూటకట్టి విడిదికి తీసుకెళ్లి బల్లమీద పరిచాను.

ఎంత నవ్వారో చెప్పలేను. ఒకడు తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడి, లేని లారీలకి దారి చూపించాడు. డెల్చో బాబాయ్ మాత్రం నవ్వలేదు. ఇవి చూస్తే పందులన్నీ ఒక్క దూకుడులో సరిహద్దు దాటి టర్కీ పోతాయని, అక్కడ వాటిని తినే దిక్కు కూడా లేదని అన్నాడు. పందికి ఈ రంగు తెలియదు బాబాయ్, దాని కంటికి ఇది ఎండుగడ్డితో సమానం, తెలిసేది మనిషికే అన్నాను. తాను యాభై ఏళ్లుగా పందుల్ని చూస్తున్నానని, అవి ఏం చూస్తాయో నిన్న లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు తనకి చెప్పక్కర్లేదని అన్నాడు. నేనూ తగ్గలేదు. మాటా మాటా పెరిగింది. చివరికి ఆయన ఇలా అన్నాడు:

"చూడమ్మాయ్, నీ బాధ మాకు తెలీక కాదు. కానీ మీ ఆయన కాలు జారి పడితే ఆయన తుపాకీ ఆయనకే పేలింది. దానికి నారింజ కోటు ఏం చేస్తుంది చెప్పు? జారకుండా పట్టుకుంటుందా?"

జెకో చారు కుండలోకి చూస్తూ గరిటె తిప్పుతూనే ఉన్నాడు. నా దగ్గర జవాబు లేదని వాళ్లంతా అనుకున్నారు. నేను కోట్లు మడిచి, మూట కట్టుకుని ఇంటికి వచ్చేశాను. ఆ వారమంతా నాలో నేనే రగిలిపోయాను. పిండి కలుపుతుంటే జెకో చూసి, వల్కానా, అది రొట్టె, డెల్చో మెడ కాదు అన్నాడు.

మొన్న శనివారం పొద్దున అందరికంటే ముందు లేచి అడవి దారి మొదట్లోకి వెళ్లాను. అక్కడ దారి ఇరుకు, రెండు వైపులా గట్టు. మూట పక్కన పెట్టుకుని దారి మధ్యలో కూర్చున్నాను. జీపులు వచ్చి ఆగాయి. మొదట హారన్లు మోగించారు. తర్వాత దిగి బతిమాలారు. తర్వాత తిట్టారు. వాళ్లలో పెట్కో అయితే, నీకు మతిపోయింది, ఇంటికెళ్లి మొగుడికి కట్టు కట్టుకో అన్నాడు. కట్టు కట్టీ కట్టీ ఇక్కడికొచ్చాను, నీ పెళ్లాం చేత కూడా కట్టించమంటావా అని అడిగాను. తర్వాత వాడు నా వైపు చూడలేదు.

డెల్చో బాబాయ్ చివర్న వచ్చాడు. బృందంలోంచి నా పేరు కొట్టేస్తానన్నాడు. కొట్టెయ్యమన్నాను. "కొట్టేసిన మర్నాడే అటవీ ఆఫీసుకి పోతాను. స్టెప్నీ కింద ఏమున్నాయో చెప్తాను. మీ లైసెన్సు పోతుంది, నాదీ పోతుంది. అప్పుడు అందరం కలిసి జెకోతో చారు కాద్దాం. ఇవాళ ఇవి తొడగనివాడు అడవిలోకి పోవాలంటే జీపు నా మీదినుంచి పోనివ్వండి."

ఆయన పళ్లు కొరుకుతూ వంగి, మూటలోంచి ఒక కోటు లాగి, ఆకుల బట్టలమీద వెనకది ముందుకి తొడుక్కున్నాడు, బొత్తాలు లేక వీపువైపు తెరుచుకునే ఉంది. టోపీ మాత్రం పెట్టుకోనన్నాడు. ఆయన తొడిగాక మిగతావాళ్లూ తొడిగారు. పెట్కో తొడగలేదు. జీపు వెనక్కి తిప్పుకుని ఇంటికి పోయాడు, ఇప్పుడు పక్క ఊరి బృందంలో చేరతానని తిరుగుతున్నాడట. పోనీ.

ఆ రోజు పొగమంచు నీకు తెలిసిన మంచే, చెట్టు మొదలు కనిపిస్తే కొమ్మ కనిపించదు. నేను నీ రాళ్ల పక్కన నిలబడ్డాను. ఎక్కడో పైన పందుల్ని తోలేవాళ్ల కేకలు, తర్వాత కుక్కల మొరుగుడు. డెల్చో బాబాయ్ వైపునుంచి ఒక తుపాకీ పేలింది. ఆ తర్వాత అంతా సద్దుమణిగింది. కొంతసేపటికి వాగు అవతల ఫెర్న్ పొదలో చప్పుడైంది. బరువుగా, ఆగి ఆగి, గురక పెడుతూ ఏదో వస్తోంది. తుపాకీ ఎత్తాను.

అన్నయ్యా, ఇది జాగ్రత్తగా చదువు. నేను పందిని చూశాను. అనుకోవడం కాదు, చూశాను. నల్లటి వీపు, వీపుమీద లేచిన వెంట్రుకలు, చెవి. గాయపడ్డ పంది ఇటే వస్తోందని నా ఒళ్లంతా చెప్పింది. వేలు మీటమీద ఉంది, ఊపిరి బిగపట్టాను. అప్పుడు ఆ వీపు పక్కకి తిరిగింది. తిరిగేసరికి మంచులో నారింజ రంగు.

పంది లేదు. వంగి నెత్తుటి జాడ వెతుక్కుంటూ, చుట్టలు తాగిన ఛాతీతో రొప్పుతూ డెల్చో బాబాయ్ వస్తున్నాడు. వేట ముగిసిందని బూర ఊదేదాకా ఎవరూ మాటు వదలకూడదని మనకి నేర్పింది ఆయనే. గాయపడ్డ పందిమీద ఆశ ఆపుకోలేక ఆయనే వదిలి వచ్చాడు.

నేను తుపాకీ దించి, గొట్టాన్ని మడత దగ్గర విరిచి గుళ్లు తీసేశాను. ఒక తూటా జారి వాగులో పడింది. ఆయన తలెత్తి నన్నూ, విరిచి పట్టుకున్న తుపాకీనీ చూశాడు. అర్థమైపోయింది. ఉన్నచోటే తడి ఆకుల్లో కూలబడ్డాడు. నేను వాగు దాటి వెళ్లి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆయన తన కోటు అంచు పట్టుకుని, వెనకది ముందుకి వేశాను కదమ్మాయ్ అన్నాడు. అవును బాబాయ్, సర్దుకోండి అన్నాను. విప్పి, తిప్పి తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకోలేకపోతుంటే నేనే పెట్టాను.

సాయంత్రం విడిదిలో చారు తింటూ ఆయన లేచి నిలబడ్డాడు. ఏం జరిగిందో దాచకుండా అందరికీ చెప్పాడు, మాటు వదలడం తన తప్పేనని కూడా చెప్పాడు. ఇకమీదట కోటు లేనివాడికి తాను మాటు చూపించనని, వాడు తన తోడబుట్టినవాడైనా సరేనని అన్నాడు. నాకు క్షమాపణ చెప్పలేదు. నేను ఎదురుచూడనూ లేదు. గెలిచానని నాకు సంతోషం కలగలేదన్నయ్యా. నా కంటిముందు ఆ చెవీ, ఆ వీపూ ఇప్పటికీ ఉన్నాయి. కాకపోతే తలవంచుకుని తిరగడం నాకు చేతకాదు. వచ్చే శనివారం కూడా వెళ్తాను. ఎవడైనా కోటు మరిచిపోయి వస్తే మళ్లీ దారి మధ్యలో కూర్చుంటాను.

నువ్వు తుపాకీ అమ్మేశావని విన్నాను. అమ్ముకో, అది నీ ఇష్టం. అడవిని మాత్రం అమ్మలేవు. ఓడరేవులో రాత్రి కాపలా కాస్తూ, పగలు తలుపులేసుకుని పడుకుంటే అది బతుకు కాదు. నా మాటలు గట్టిగా ఉన్నాయనిపిస్తే ఉండనీ, మెత్తగా చెప్పి రెండేళ్లు చూశాను.

ఒంట్లో జాగ్రత్త. సముద్రం గాలికి చెవులు కప్పుకో.

ఎప్పటికీ నీ మాట వినని నీ చెల్లెలు,
వల్కాన.

తా.క. జెకో కాలు జారి పడలేదు. ఆ సంగతి నాకు మొదటి రాత్రినుంచీ తెలుసు. ఆసుపత్రిలో మత్తుమందు దిగుతున్నప్పుడు నా చెయ్యి పట్టుకుని, అది నీ చెయ్యనుకుని, "ఏడవకు రుసి బావా, నువ్వు పందినే చూశావు. వల్కానకి తెలియనివ్వను" అన్నాడు. తెల్లారి లేచాక పోలీసులకి తన తుపాకీయే పేలిందని చెప్పాడు. ఆ వానలో, ఆ బురదలో ఎవరూ లోతుగా ఆరా తీయలేదు. మీరిద్దరూ నా దగ్గర దాచారు, నేను మీ ఇద్దరి దగ్గరా దాచాను. నీమీద నాకు కోపం లేదని అబద్ధం చెప్పను. రెండేళ్లూ ఉంది, మొన్న శనివారం ఆ వాగు ఒడ్డుదాకా ఉంది. నాకు నారింజ రంగు కనిపించింది, నీకు కనిపించలేదు. మనిద్దరికీ తేడా అంతే. నిన్న జెకోకి అంతా చెప్పేశాను. చాలాసేపు కర్రతో నేలమీద గీతలు గీశాడు. ఆ తర్వాత, కాలు పోతే పోయింది, నాతో పాచికలాడే మనిషి కూడా పోవాలా అన్నాడు. శుక్రవారం బస్సులో నువ్వు దిగకపోతే ఆదివారం బస్సులో మేమిద్దరం వస్తాం. మీ మెట్లు అతను ఎక్కలేడు. వీధిలో నిలబడి నీ పేరు పెట్టి పిలుస్తాం, నువ్వు దిగివచ్చేదాకా.